నాయన ఎడమ చెయ్యి

పోయిన వారం భుజం చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాను. ఎడమ చెయ్యి తల దాకా లేవడం లేదు, జడ వేసుకోవడం కష్టమైపోయింది. ఫిజియోథెరపీ గదిలో ఉన్న అమ్మాయి చాలా చిన్నది. గోడకు అంటించిన ముఖాల వరుస చూపించి, "సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే అంతకు మించి ఉండదు. మీది ఎంతమ్మా?" అని అడిగింది. మొదటి ముఖం నవ్వుతోంది, చివరి ముఖం ఏడుస్తోంది, మధ్యలో ఉన్నవి ఏం చేయాలో తోచనట్టు ఉన్నాయి. నేను మధ్య ముఖం చూపించి ఐదు అన్నాను. ఆమె రాసుకుంది. మా ఆయన పక్కన ఉంటే నవ్వేవారు. ఐదు అనేవాళ్లను నమ్మకూడదని ఆయన అభిప్రాయం. "ఐదు అంటే బేరానికి రెడీ అని అర్థం. మన కోలారోళ్లు నొప్పిని కూడా టమోటా మార్కెట్లో పెట్టె రేటు చెప్పినట్టే చెప్తారు" అనేవారు. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. బతికినంత కాలం ఆయన చేసిన పని ఇదే, మనుషులను నొప్పి ఎంత అని అడగడం.

ఆసుపత్రి నుంచి ఇంటికి రాకుండా బస్టాండుకు పోయి కేజీఎఫ్ బస్సు ఎక్కాను. అక్కడ నాకు పని లేదు. ఈ మధ్య ఇలాగే అవుతోంది. పుస్తకం తెరిస్తే పేజీ చివరికి పోలేను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టకుండా వీధి గేటు దాకా వెళ్లి, ఎందుకు వెళ్లానో తెలియక తిరిగి వస్తాను. ఊరికే బస్సెక్కి, కేజీఎఫ్‌లో దిగి, ఒక టీ తాగి, తిరుగు బస్సులో వచ్చేస్తాను. కండక్టరు నన్ను గుర్తుపట్టాడు. నాకు అక్కడ ఎవరో జబ్బు మనిషి ఉన్నారని అనుకుంటున్నాడు, "ఎట్లుండాదమ్మా ఇప్పుడు?" అని అడుగుతాడు. పరవాలేదప్పా అని చెబుతాను. ఎవరికి పరవాలేదో అతనూ అడగడు, నేనూ చెప్పను. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా, ముఖాల వరుస కళ్ల ముందు నుంచి పోక, మా నాయన ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా సరి కాదు. మా ఇంట్లో ఆ చేతిని ఎవరూ ఏనాడూ మరచిపోలేదు, అది లేకపోయినా.

నాయన కేజీఎఫ్ బంగారు గనిలో డ్రిల్లు మిషను పట్టేవాడు. మా తాత కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. గనివాళ్లు కట్టిన, ఒకే గోడకు రెండు పక్కలా రెండు కాపురాలుండే లైన్ల ఇల్లు. భూమి లోపల చాలా లోతున రాయి ఒక్కోసారి తనంతట తానే పగిలిపోయేది, దాన్ని అందరూ బరస్టు అనేవాళ్లు. పైన మా ఇళ్లలో అటక మీది గిన్నెలు గలగలమనేవి. అప్పుడు లైన్లలో ఆడవాళ్లంతా చేతిలో పని చేతిలోనే పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చి, గనిలోకి దిగే షాఫ్టు వైపు చూస్తూ నిలబడేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం అలా నిలబడినప్పుడు మా అమ్మ చేతిలో రాగి పిండి జల్లెడ ఉంది. సాయంత్రానికి నాయన బతికే ఉన్నాడని తెలిసింది. ఎడమ చెయ్యి మోచేతి కింద నలిగిపోయింది, తీసేశారు. నేను అప్పుడు మూడో తరగతో నాలుగో తరగతో.

తీసేసిన చేతిని గుడ్డలో చుట్టి ఇంటివాళ్లకు ఇచ్చారు. లైన్లలో అలాంటివాటిని పారేసేవాళ్లు కాదు. మనిషికి చేసినంత కాకపోయినా, కొంత మర్యాద చేసి, మా వాళ్ల శ్మశానంలో ఒక ఓరన పూడ్చేవాళ్లు. పెద్దవాళ్లు గుంత తవ్వించి, ఇక పెట్టేద్దామన్నప్పుడు అమ్మకు ఒక అనుమానం వచ్చింది. మనిషిని సాగనంపేటప్పుడు నోట్లో బియ్యం వేస్తాం. చేతికి నోరు లేదు. వట్టిగా పంపితే ఎలా? ఆలోచించి, ఇంట్లోంచి గుప్పెడు రాగులు తెప్పించి ఆ అరచేతిలో పోసింది. రాగులు జారిపోకుండా చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ తానే మూసింది. పిడికిలి చుట్టూ పసుపు గుడ్డ కట్టింది. పెద్దవాళ్లలో ఎవరూ వద్దనలేదు. బాగా చేసినావు పాపా అన్నారట కూడా.

ఆసుపత్రిలో నాయనకు తెలివి వచ్చాక ఓదార్పుగా ఉంటుందని అమ్మే ఈ సంగతి చెప్పింది. "వట్టి చేత్తో పంపలేదులే, గుప్పెట్లో రాగులు పెట్టినాను" అని. నాయన ఆ రోజు తల ఊపి ఊరుకున్నాడు. పుండు మానింది. కుట్లు తీశారు. ఆ తర్వాత మొదలైంది నొప్పి. మిగిలిన మొండి చేతిలో కాదు, లేని చేతిలో. పిడికిలి బిగుసుకుని ఉందనీ, విప్పుదామంటే రాదనీ, గోళ్లు అరచేతిలోకి దిగుతున్నాయనీ చెప్పేవాడు. డాక్టర్లు మొండిని నొక్కి చూసి ఏమీ లేదనేవాళ్లు. అది నిజమే, అక్కడ ఏమీ లేదు. లైన్లలో ఎవరో చెప్పారు, వాళ్ల ఊళ్లో ఒకాయనకు కాలు తీసేశాక వేళ్లు మెలిపడినట్టు నొప్పి వస్తుంటే, తవ్వి చూస్తే పూడ్చిన కాలి వేళ్లు నిజంగానే మెలిపడి ఉన్నాయట, సరిచేసి పూడ్చగానే తగ్గిపోయిందట. అంతే. నాయనకు కారణం దొరికింది. "మూసినావు గదా. మూసి కట్టేసినావు. ఇంగ అదెట్ల తెరుచుకుంటుంది? భూమిలో గోళ్లు పెరుగుతుండాయి, అవే గుచ్చుకొనేది" అన్నాడు అమ్మతో.

తవ్వి విప్పుదామంటే పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. పూడ్చినదాన్ని, మనిషి బతికుండగా, కదిలించకూడదన్నారు. నాయనను పైన ల్యాంపు రూములో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, ఎక్కివచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం. ఒంటి చేత్తో ఆ పని బాగానే చేసేవాడు. ఇంటికొచ్చాక మాత్రం కూర్చోలేకపోయేవాడు. ఆ చిన్న ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు, అక్కడి నుంచి వీధిలోకి, వీధిలోంచి మళ్లీ లోపలికి తిరుగుతూనే ఉండేవాడు. ఖాళీ చొక్కా చెయ్యి గాలికి ఊగేది. మంచి మనిషి, అమ్మను ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. కానీ నొప్పి ఎక్కువైనప్పుడు అమ్మ వైపు చూసి, "యా గడియలో మూసినావో" అనేవాడు. ఆ మాట మొదలైనప్పటి నుంచి మా అమ్మ పిడికిలి మూసి దేన్నీ పట్టుకోగా చూడలేదు. చేటలోంచి రాగులు తీసినా, బియ్యం తీసినా, అరచెయ్యి చాపి, వేళ్లు విడదీసి, సగం ఒలకబోస్తూ తీసేది. ఒలికినవాటిని మళ్లీ ఏరుకునేది.

నేను కోలారులో వైద్య కళాశాల లైబ్రరీలో ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు పెళ్లి సంబంధం వచ్చింది. అబ్బాయిది నంగలి దగ్గర ఒక పల్లె, మామిడి తోట, ఆవులు ఉన్న ఇల్లు. అదే కాలేజీలో ఫిజియాలజీ చెప్పేవాడు. లైబ్రరీకి వచ్చేవాడేగానీ నేను ఎప్పుడూ తలెత్తి చూడలేదు, ఆయనా పుస్తకంలోంచి తలెత్తేవాడు కాదు. పెళ్లిచూపులకు మా లైన్ల ఇంటికి వచ్చి, ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా, మా నాయన ఖాళీ చొక్కా చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు. నాయనే ఇక ఉండబట్టలేక, "పాప ఈ పక్కన కూసోనుండాదప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కొంచెం ముందుకు వంగి, "ఆ చెయ్యి ఇప్పుడు యాడుండాది మామా?" అని అడిగాడు. ఎక్కడ పూడ్చారని కాదు, ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు మీకు తెలుస్తోందని. అన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాయన లేని చేతిని తొడ మీద చూపించి, "ఈడ. పిడికిలి బిగించుకొని ఉండాది" అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. నన్ను ఎవరూ పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. ఆ సంబంధం ఒప్పుకున్నది నేను కాదు, మా నాయన.

పెళ్లయ్యాక ఆయన్ను దగ్గర్నుంచి చూశాను. ఆయనా కుదురుగా కూర్చునే మనిషి కాదు. నాలుక మీద ఎప్పుడూ ఒక ప్రశ్న ఉండేది. నొప్పి మీద ఆయన పరిశోధన కప్పలతో మొదలైంది. మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, కప్ప కండరం అదిరినప్పుడల్లా దాని మీద ఒక తెల్లని గీత పడేది. ఆ గీతలను ఇంటికి తెచ్చి పెళ్లి ఫోటోల్లా చూపించేవారు. తర్వాత ఎలుకలు. తోక మీద వేడి వెలుతురు పడితే ఎంతసేపటికి విదిలిస్తుందో చూడడం. కొంతకాలానికి అదీ మానేశారు. "తోక ఎప్పుడు కదిలిందో తెలుస్తుంది, నొప్పి ఎట్లుండిందో ఎలుక చెప్పదు కదా" అన్నారు. అందుకని మనుషుల దగ్గరికి వచ్చారు. ఐసు కలిపిన నీళ్ల బకెట్లో ముంజేతి దాకా ముంచి, భరించలేనప్పుడు తీయమనడం. అది అన్ని కాలేజీల్లోనూ చేసేదే. కాలేజీ పిల్లలు కేకలు పెడుతూ, నవ్వుతూ, పందెం వేసుకుని ముంచేవాళ్లు. ఒక పండగకు నాయన మా ఇంటికి వచ్చినప్పుడు తానూ చూస్తానని కాలేజీకి వెళ్లి, కుడి చెయ్యి బకెట్లో పెట్టి, పక్కనున్న అటెండరుతో ముళబాగిలు లారీల గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. ఎంతకీ తీయడు. చివరికి మా ఆయనే భయపడి చెయ్యి బయటికి లాగారు. ఎర్రగా కందిపోయి ఉంది. నాయన దాన్ని తువ్వాలుతో తుడుచుకుంటూ, "దీనిదేముందిలే. నీకు చేతనైతే ఆ చేతిని ముంచు అల్లుడా, చూద్దాం" అన్నాడు.

ఆ మాట మా ఆయన్ను చాలా రోజులు తిప్పింది. నాకు ఈ శాస్త్రం కొంత తెలిసిందంటే అది లైబ్రరీ వల్ల కొంత, వంటింట్లో వెనకెనకే తిరుగుతూ ఆయన చెప్పినదాని వల్ల ఎక్కువ. కొన్ని వందల ఏళ్లపాటు పెద్దపెద్దవాళ్లు నొప్పిని తాడుకు కట్టిన గంట అనుకున్నారు. చర్మం దగ్గర లాగితే తలలో మోగుతుంది. ఇది నాయనకు చెప్పడం సులువైంది, ఎందుకంటే గనిలో అంతే. కింద బెల్లు కొడితే పైన ఇంజను డ్రైవరు విని మనుషులను మోసే తొట్టెను ఎక్కిస్తాడు, దింపుతాడు. నాయన విని, "సరే, చెయ్యే పోయింది గదా, షాఫ్టే మూసేసినట్ల. కిందినించి బెల్లు ఎవడు కొడతా ఉండాడు మరి?" అన్నాడు. "అదే మామా, ఆ ప్రశ్న దగ్గరే పాత లెక్క చెడిపోయింది" అని ఆయన సంబరపడ్డారు. నా చిన్నతనంలో, అంటే నాయన చెయ్యి పోవడానికి కొన్నేళ్ల ముందే, వెన్నుపాములో ఒక తలుపు లాంటిది ఉందనీ, అది కొన్ని కబుర్లను పైకి పోనిస్తుంది, కొన్నింటిని ఆపుతుందనీ కొందరు చెప్పారు. పిల్లవాడు పడితే తల్లి మోకాలు రుద్దుతుందే, ఆ రుద్దడం ఆ తలుపును కొంచెం మూస్తుందట. ఆ తర్వాత నల్లమందు లాంటి పదార్థాన్ని ఒళ్లు తనకు తానే తయారు చేసుకుంటుందని కనుక్కున్నారు. మెదడులో ఒంటి పటం ఒకటి ఉంటుందని అంతకు ముందే తెలుసు, ఒళ్లు మారినంత త్వరగా ఆ పటం మారదని ఇంకా తర్వాత తెలిసింది. "పైనున్న డ్రైవరుకే బెల్లు వినబడతా ఉండాది మామా. కింద ఎవరూ లేరు" అన్నారు ఆయన. నాయన ఆలోచించి, "అయితే డ్రైవరుకు సెలవియ్యి" అన్నాడు.

గనులు ఇక మూస్తారని అందరూ చెప్పుకుంటున్న రోజులు అవి. ఒక ఎండాకాలం నాయన నొప్పి బాగా పెరిగింది. తిండి తగ్గింది. ఒక ఆదివారం మేము వెళ్లేసరికి గుమ్మంలో పార పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వద్దన్న పెద్దవాళ్లందరూ పోయారు, ఇక అడ్డం చెప్పేవాళ్లు ఎవరూ లేరు, పోయి తవ్వుదాం పద అన్నాడు. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. మా ఆయన వద్దంటారనుకున్నాను. ఆయన పార భుజాన వేసుకుని, "పద మామా" అన్నారు. నలుగురం నడిచి వెళ్లాం. శ్మశానం ఉందిగానీ, అమ్మ చూపించిన ఓర లేదు. బంగారం తీసేశాక మిగిలిన మిల్లు ఇసుక, కొండలా పోసింది, ఏడాదికేడాది వానలకు కరిగి కిందికి దిగి ఆ పక్కంతా కప్పేసింది. బూడిద రంగు చదును. ఎక్కడ కాలు పెట్టినా ఒకేలా ఉంది. నాయన అటూ ఇటూ తిరిగాడు. ఒకచోట ఆగి ఇక్కడే అన్నాడు, మళ్లీ కాదన్నాడు. అమ్మ ఆ ఇసుకలో కూర్చుని రెండు చేతులతో తోడడం మొదలుపెట్టింది. తోడినంతా మళ్లీ జారి నిండుతోంది. "నేనే మూసినాను. నేనే తెరుస్తాను" అంటోంది. ఆమె గొంతు అంత పెద్దగా వినడం నాకు అదే మొదలు. నాయన ఆమె వెనక నిలబడిపోయాడు. తన మాట ఆమెను ఇన్నాళ్లూ ఏం చేసిందో ఆయనకు అప్పుడే కనబడిందనుకుంటాను. "లెయ్యి పాపా. చాలు, లెయ్యి" అన్నాడు అమ్మతో.

ఇంటికొచ్చాక మా ఆయన అమ్మకు ఎదురుగా కింద కూర్చుని, జరిగినదేమిటో చెప్పడానికి చూశారు. రాయి పడినప్పుడు ఆ చెయ్యి డ్రిల్లు పిడిని గట్టిగా పట్టుకుని ఉంది. మెదడు దగ్గర మిగిలిన ఆఖరి కబురు అదే, బిగించిన పిడికిలి. మీరు మూసినది తెగిపోయిన చేతిని. ఆ చేతికీ మామకూ మధ్య అప్పటికే ఏ దారీ లేదు. అమ్మ అంతా విని, "నన్ను సమాధానం చేసేదానికి చెప్తా ఉండావప్పా. నువ్వు మంచోడివి" అంది. ఆయన తెల్లముఖం వేశారు. ఏళ్ల తరబడి క్లాసుల్లో చెప్పిన మనిషికి అంత మర్యాదగా ఎవరూ కాదని చెప్పి ఉండరు.

అద్దం పెట్టె సంగతి ఆయన ఆ రోజుల్లోనే చదివారు. వేరే ఎక్కడో కొందరు చేసి చూసి మేలు కనబడిందని రాశారు, ఆ పత్రిక లైబ్రరీలో ఆయనకు తీసిచ్చింది నేనే. పెట్టె మధ్యలో నిలువుగా ఒక అద్దం. అద్దం వెనక మొండి చెయ్యి, ముందు బాగున్న చెయ్యి. ఒక వైపు నుంచి చూస్తే పోయిన చెయ్యి తిరిగి వచ్చినట్టే కనబడుతుంది. బాగున్న చేతిని మూసి తెరిస్తే లేనిది కూడా తెరుచుకున్నట్టు మెదడు నమ్మవచ్చునని. ఆయన పాత బీరువా అద్దం కోయించి, మామిడికాయల పెట్టె చెక్కలతో తానే ఒకటి తయారు చేసి మా నాయన ఇంటికి తెచ్చారు. చెక్కల మీద మామిడి జీడి వాసన పోలేదు. నాయన దాని ముందు కూర్చుని చూసి, "ఇదేందప్పా జాతరలో అంగడి మాదిరి" అని నవ్వాడు. కుడి పిడికిలి మూశాడు, తెరిచాడు. మళ్లీ. ఏమీ కాలేదు. "అది నా కుడి చెయ్యే గదా. నాకు తెలుసు గదా" అన్నాడు. మర్నాడూ అంతే. మా ఆయన మేజా చుట్టూ తిరుగుతూ అద్దాన్ని ఇటు జరిపి అటు జరిపి చూశారు. లాభం లేకపోయింది.

మూడో పూట అమ్మ వంటింట్లోంచి వచ్చి పెట్టె పక్కన కూర్చుంది. ఎవరినీ అడగలేదు. కొంగులోంచి రాగులు తీసి నాయన కుడి అరచేతిలో పోసింది. చిటికెన వేలి నుంచి ఒక్కొక్క వేలూ మూసింది. అన్నేళ్ల తర్వాత ఆమె వేళ్లు మూయడం అదే. తన చేత్తో ఆ పిడికిలిని కాసేపు పట్టుకుని ఉంది. నాయన చూపు అద్దంలో ఉంది. అద్దంలో కనిపిస్తున్నది ఎడమ చెయ్యి, దాని చుట్టూ మా అమ్మ చేతులు. తర్వాత ఆమె తెరవడం మొదలుపెట్టింది. బొటనవేలు, చూపుడువేలు, తొందర లేకుండా. రాగులు సందుల్లోంచి చెక్క మీదికి జారాయి. ఆఖరి వేలు విప్పేసరికి నాయన ఊపిరి వదిలిన చప్పుడు మా అందరికీ వినబడింది. ఆయన ఏడుస్తున్నాడు. "విప్పినావు పాపా. విప్పినావు. చాలా చల్లగా ఉండాది" అన్నాడు. అమ్మ చెక్క మీది రాగులను అరచేత్తో ఒకచోటికి తోసి, గుప్పిట నిండా పట్టుకుని, ఒక్కటీ ఒలకకుండా తీసుకుని లోపలికి పోయింది.

నొప్పి పూర్తిగా పోలేదు. అలా పోయిందని రాస్తే కథ బాగుంటుంది. సాయంత్రానికి మళ్లీ బిగుసుకుంది. కానీ పొద్దున్నే ఇద్దరూ పెట్టె ముందు కూర్చునేవాళ్లు, అది తెరుచుకునేది, ఆ రోజుకు నాయన తినేవాడు, కూర్చునేవాడు, పక్కింటాయనతో పోట్లాడేవాడు. "మూసినావు" అన్న మాట మాత్రం మళ్లీ ఆ ఇంట్లో వినబడలేదు. ఇక మా ఆయన బాధ మొదలైంది. తగ్గించినది అద్దమా, అత్తమ్మా? ఒక ప్రయోగంలో రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో చెప్పలేం. అద్దం లేకుండా అత్తమ్మ, అత్తమ్మ లేకుండా అద్దం, విడివిడిగా చూడాలి. ఒక వారం అత్తమ్మ దూరంగా ఉంటే చాలని నాయనను బతిమాలారు. "ఆమె లేకుండా నేను కూసోను. నువ్వు కావాలంటే అద్దం పీకేసుకో" అన్నాడు నాయన. అద్దం తీస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, దాన్ని రోజూ ముగ్గుపిండితో తోమి పెట్టుకుంది. మా ఆయన ఆ పని గురించి వ్యాసం రాయడం మొదలుపెట్టి, ఆ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగిపోయేవారు. ముసలాళ్లిద్దరూ కలిసి నా పరిశోధన ముంచేశారని నవ్వేవారు. నవ్వినా, ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. భోజనం మధ్యలో ఆగి గోడ వైపు చూస్తుంటే నాకు తెలిసిపోయేది, మళ్లీ అక్కడికే పోయారని.

ఆ ప్రశ్నకు జవాబు తెలిసే వీలు ఒక్కసారి వచ్చింది. గనులు మూతపడ్డాక చాన్నాళ్లకు అమ్మ పోయింది, జ్వరంతో, ఎక్కువ కష్టపడకుండా. కర్మలన్నీ అయ్యాక నాయనను మా ఇంటికి తీసుకొచ్చాం. ఆయన సామానులో పెట్టె కూడా వచ్చింది. మొదటి రోజు పొద్దున నాయన దాన్ని మేజా మీద పెట్టుకుని, మొండి చేతిని అద్దం వెనకకు పోనిచ్చి, కుడి చెయ్యి ముందు పెట్టుకుని, ఊరికే కూర్చున్నాడు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. మా ఆయన ఎదురుగా నిలబడి ఉన్నారు. అద్దం ఉంది, అత్తమ్మ లేదు. ఇన్నేళ్లూ ఆయన అడిగినది సరిగ్గా అదే. ఊరికే నిలబడి చూస్తే చాలు. నాయన తలెత్తలేదు, ఏమీ అడగలేదు. మా ఆయన అలా ఎంతసేపు నిలబడ్డారో చెప్పలేను, నాకు చాలాసేపు అనిపించింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, నా పక్కనుంచి చెయ్యి చాపి డబ్బాలోంచి రాగులు తీసుకుని, వెళ్లి మామ పక్కన కూర్చున్నారు. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టారు. "గట్టిగా మూసినానా మామా?" అని అడిగారు. "ఆమె ఇంగా కొంచెం మెత్తగా మూస్తుండె" అన్నాడు నాయన. అద్దంలో చూస్తూనే.

"ప్రయోగం చెడగొట్టారు కదా" అన్నాను ఆ మధ్యాహ్నం. "చెడగొట్టినాను" అన్నారు. నాయన పోయేదాకా ప్రతి పొద్దునా ఆయనే తెరిచారు. వ్యాసం పూర్తి చేయలేదు. అన్నం మధ్యలో గోడ వైపు చూడడం మాత్రం ఆ రోజుతో ఆగింది.

ఆత్మీయులు పోయినప్పుడు కలిగే నొప్పికీ ఒంటి నొప్పికీ మెదడులో కొన్ని చోట్లు ఒకటేనని ఈ మధ్య కొందరు రాస్తున్నారు. కాదనేవాళ్లూ ఉన్నారు. ఆయన ఆ రెండు రకాల వ్యాసాలూ చదివి, ఇంకా తేలలేదు, తొందరపడకూడదు అనేవారు. నేనూ తొందరపడను. నాకు తెలిసినది ఇంత. పోయిన వారం ఆ బస్సులో, కిటికీ పక్కన, నేను సీటు చివర వరకూ జరిగి ముడుచుకుని కూర్చున్నాను. సంచీ ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన ఒక మనిషికి చాలినంత చోటు వదిలాను. ఆయన కాళ్లు పొడుగు, పక్కకు చాపుకునేవారు, అందుకని నేను ఎప్పుడూ అలాగే కూర్చునేదాన్ని. ఇన్ని నెలలుగా ఒంటరిగా పోతూ కూడా అలాగే కూర్చుంటున్నానని నాకు తెలియలేదు. బంగారుపేట దగ్గర పూలగంప పెట్టుకుని ఒకామె ఎక్కింది. ఆ చోటు చూసి, నన్ను చూసి, "ఎవురన్నా వస్తుండారా అక్కా?" అని అడిగింది. కండక్టరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. "లేదు, కూసో అమ్మా" అన్నాను. ఆమె కూర్చుంది, గంప కాళ్ల దగ్గర పెట్టుకుంది, మోచెయ్యి నా నొప్పి భుజానికి తగిలింది. నేను జరగలేదు. పోయినదాన్ని పటంలోంచి తీసేయడానికి మెదడుకు కాలం పడుతుందని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. ఎంత కాలమో నేను ఒక్కసారీ అడగలేదు, అడిగినా ఆయన ఐదు అని మాత్రం చెప్పి ఉండేవారు కాదు.